మేకలకు పది సెకన్లు

నేను జీవితంలో ప్రాణం పెట్టి పరుగెత్తింది ఒక్కసారే, ఏడో తరగతిలో లెక్కల పంతులు బెత్తం కోసం బీరువా తెరిచినప్పుడు. ఆ పరుగు ఇంకా ముగిసిందని చెప్పలేను, ఎందుకంటే మళ్ళీ ఆ బడివైపు తిరిగిందే లేదు. అట్లాంటి మనిషిని, అరవై దాటి మోకాళ్ళు కిర్రుమంటున్న వయసులో, పొద్దున్నే లేచి నడవమన్నాడు డాక్టరు. మా కూతురు ఊరుకోక అడుగులు లెక్కపెట్టే గడియారం ఒకటి కొని నా చేతికి కట్టింది. అది నా గుండె చూస్తుంది, నిద్ర చూస్తుంది, రెండో దోసె తిన్న సంగతి మాత్రం ఇంకా పసిగట్టలేకుండా ఉంది.

ఈ ఉదయం దాన్ని కట్టుకునే పుంగనూరు నుంచి మదనపల్లె వైపు పోయే రోడ్డు మీద నడుస్తున్నాను. మేకల మంద అడ్డం వచ్చింది, నిలబడ్డాను. మణికట్టు మీద చిన్న వణుకు పుట్టింది. చూస్తే గడియారంలో నడక టైము ఆగిపోయి ఉంది. అప్పుడే పాడైపోయిందా అనుకుంటుండగా, చివరి మేక దాటిపోయి నేను అడుగు వేయగానే అది మళ్ళీ కదిలింది. మేకల కోసం నిలబడిన కాలాన్ని ఎవరూ చెప్పకుండానే నా నడకలోంచి తీసేసిందన్నమాట. రోడ్డు పక్క మోరీ గట్టు మీద కూర్చుండిపోయాను. మోకాళ్ళ వల్ల కాదు. పదేళ్ళ కిందట ఇదే రోడ్డు మీద, ఇట్లాంటి మేకలకే, నేను నా చేతులారా పది సెకన్లు తీసేవాణ్ణి.

మా అక్క కూతురు పరుగుల మనిషి. పెద్దపంజాణి దగ్గరి పల్లెలో పుట్టి, బడికి ఆలస్యమవుతుందని మొదలుపెట్టిన పరుగును జిల్లా దాటించి, రాష్ట్రం దాటించి, చివరికి దానితోనే సర్కారు ఉద్యోగం తెచ్చుకుంది. మా వంశంలో అందరమూ కూలికి పోయినవాళ్ళమే. నెలజీతమన్నది మొదట మా ఇంటికి నడిచి రాలేదు, ఆ పిల్ల కాళ్ళ మీద పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆమె పరుగెత్తేది మారథాన్. నలభై రెండు కిలోమీటర్ల పైచిలుకు. మన లెక్కలో చెప్పాలంటే పుంగనూరులో బయలుదేరి మదనపల్లె పోయి, టీ కూడా తాగకుండా వెనక్కి తిరిగి, ఇంకా చాలా దూరం రావడం. దాన్ని ఒలింపిక్సు వాళ్ళు పెట్టిన గడువులో ముగిస్తే ఆ పెద్ద పోటీకి పోవచ్చు. గడువు ఒక్క సెకను దాటినా ఇంట్లో కూర్చుని టీవీలో చూడవచ్చు.

ఆ ఏడాది ఆమె ఎక్కడో దూరపు క్యాంపులో ఉండగా మడమ ఎముక చిట్లింది. నయమైందని డాక్టర్లు చెప్పినా క్యాంపు పెద్దలకు ఆమె మీద ఆశ చిట్లిపోయింది. సెలవు పెట్టుకుని ఇంటికి వచ్చేసింది. చలికాలంలో ఉత్తరాదిలో ఒక పరుగు ఉంది, గడువు అందుకోవడానికి మిగిలిన ఆఖరి పరుగు అదే. వయసు ముప్పై దాటింది. నాలుగేళ్ళ తర్వాత వచ్చే ఒలింపిక్సుకు కాళ్ళు ఉంటాయో లేదో తెలియదు.

"ఈ ఒక్కసారి మామా. రాలేదంటే బూట్లు అటక మీద పెట్టేస్తా," అనింది.

మా అక్క ఆ మాట విని వంటింట్లోకి పోయి చాలాసేపు బయటికి రాలేదు. భర్త పోయాక ఆ పిల్ల పరుగునే చూసుకుని బతికిన మనిషి ఆమె. చుట్టాలు ముప్పై ఏండ్ల పిల్లను ఇంకా ఎన్నాళ్ళు రోడ్ల మీద తిప్పుతావని అడిగినప్పుడల్లా, పరిగెత్తేది అది, ఆయాసం మీకు యాల వస్తాండాది అని అడిగి పంపిన మనిషి.

పరుగుకు మా గాలి మంచిదట. ఊపిరితిత్తుల జబ్బు మనుషులను ఒకప్పుడు ఎక్కడెక్కడి నుంచో మదనపల్లెకు తెచ్చి ఈ గాలిలోనే పడుకోబెట్టేవారని మా నాయన చెప్పేవాడు. జబ్బు వాళ్ళకు మందైన గాలి, జబ్బు లేని పిల్లకు రెక్కలు కాదా అనుకున్నాం. ఆమె వెనక పోవడానికి ఒక మనిషి, ఒక బండి కావలసి వచ్చింది. మనిషి నేను, బండి నా మోపెడ్. నీళ్ళు, అరటిపండ్లు, ఉప్పూ చక్కెరా కలిపిన సీసాలు ముందు తగిలించుకుని, ఆమె పరుగుకు సరిపడా నెమ్మదిగా పోతుంటే ఆ మోపెడ్ అవమానంతో దగ్గేది. నేను రోడ్డు పొడుగునా ఏదో ఒకటి వాగుతూనే ఉండేవాణ్ణి. పుంగనూరు పొట్టి ఆవు అడ్డం వస్తే, పొట్టిదే గానీ రోడ్డు దాటేదానికి పొడుగావు కంటే ఎక్కువసేపు తీసుకుంటాది అనేవాణ్ణి. ఆమె నవ్వేది కాదు. నవ్వితే ఊపిరి తప్పుతుంది. భుజాలు మాత్రం కొంచెం కదిలేవి. ఆ కదలిక కోసమే నేను ఆరు నెలలు నోరు మూయలేదు.

మొదటి రోజే తన గడియారం విప్పి నా చేతికి కట్టింది. క్యాంపులో గడియారం చూపించి చూపించి తిట్టారట, దాన్ని చూస్తేనే కాళ్ళు బిగుసుకుంటున్నాయట. టైము నువ్వు చూడు, రోడ్డు నేను చూస్తాను అంది. కిలోమీటరు రాళ్ళ దగ్గర నేను అరిచి చెప్పేదే ఆమెకు టైము. ఏడో తరగతి దాటని నా నోటి మాట మీద ఒలింపిక్సు ఆధారపడి ఉందని తలుచుకుంటే అప్పట్లో గర్వంగా ఉండేది.

ఇక్కడ నా పని సంగతి కొంచెం చెప్పాలి. ముప్పై ఏళ్ళు నేను మదనపల్లె టమోటా మండీలో లోడు బండి తోలాను. మండీలో తరుగు అని ఒకటి ఉంది, మీలో పంట పండించినవాళ్ళకు చెప్పనక్కర లేదు. రైతు బాక్సులు దించగానే, అడుగున పుచ్చు ఉంటుంది, తడి ఉంటుంది అని, ఉన్నా లేకపోయినా బాక్సుకు ఇన్ని కిలోలని తూకంలోంచి తీసేస్తారు. అంత తూగిన సరుకు ఇంతే అయిపోతుంది. పొద్దున లేస్తే ఆ మాటే వింటూ, అందరూ చేసేదే కదా అనుకుంటూ బతికినవాణ్ణి. చేతికి గడియారం వచ్చేసరికి అదే బుద్ధి పుట్టింది.

మొదట న్యాయంగానే తీశాను. మేకలు అడ్డం వస్తే ఆమె నిజంగానే నిలబడాలి, ఉత్తరాదిలో పోటీ జరిగే రోడ్డు మీద మేకలు ఉండవు, కాబట్టి మేకలకు పది సెకన్లు తీసేసి మిగిలింది చెప్పేవాణ్ణి. టమోటా లారీ హారన్ కొడుతూ మట్టిలోకి తోసేస్తే అయిదు. ఒకనాడు ఒక ఊరి మొగలో శవం ఎదురొచ్చింది. ఆమె పక్కకు తప్పుకుని, బూట్లు విడిచి, పలక డప్పుల మోత దూరమయ్యేదాకా చేతులు కట్టుకుని నిలబడింది. దానికి రెండు నిమిషాల పైనే తీశాను, అందులో తప్పుందని ఇప్పటికీ అనుకోను. అయితే తరుగుకు ఒక గుణం ఉంది, ఒకసారి మొదలైతే అది తనంతట తాను పెరుగుతుంది. తరువాత ఎదురుగాలికి తీశాను. గుంతలకు తీశాను. ఆఖరుకు, చెప్పిన టైము విని ఆమె ముఖం వాడిపోతుందేమోనని ఆ ముఖానికి కూడా తీశాను. తరుగు తీస్తున్నానని మాత్రం ఎన్నడూ చెప్పలేదు.

పోటీకి నెల ముందు, రోడ్డు కొంచెం బాగుందని వెంకటగిరికోట నుంచి కుప్పం వైపు పోయి, అక్కడి నుంచి తిరిగి వచ్చేలా మొత్తం దూరం పరుగెత్తి చూసుకుంది. ఆ రోజు మేకలు రాలేదు, లారీలు కూడా పెద్దగా లేవు. చివరి రాయి దగ్గర గడియారం చూస్తే గడువు దాటి ముప్పై, నలభై సెకన్లు అయింది. ఆమె నడుము మీద చేతులు పెట్టుకుని, కళ్ళు మూసుకుని, వంగి నిలబడి ఉంది. నేను దారిపొడుగునా గాలి వీచిన చోట్లన్నీ గుర్తు చేసుకున్నాను. మనసులోనే కూడి, తీసి, గడువు కంటే ఇరవై సెకన్లు ముందే వచ్చినావమ్మా అన్నాను. ఆ పిల్ల అక్కడే మోరీ మీద కూర్చుని, తువ్వాల్లో ముఖం దాచుకుని ఏడ్చింది. మడమ విరిగినప్పుడు కూడా ఏడవని పిల్ల. దాన్ని వెనక్కి తీసుకునే ధైర్యం నాకు అప్పుడూ లేదు, ఆ తరువాతా రాలేదు.

కుప్పంలో రైలెక్కించడానికి నేనూ మా అక్కా పోయాం. పెట్టె లోపల పెట్టి, కిటికీ దగ్గర కూర్చుని, ఆమె నన్ను దగ్గరికి పిలిచింది.

"మామా, నిజం సెప్పు. ఆ పొద్దు వచ్చిన టైము కరెక్టే కదా?"

"ఏడో తరగతి తప్పినోణ్ణి, అబద్ధం చెప్పేంత లెక్కలు నాకు యాడొస్తాయమ్మా," అన్నాను.

ఆమె నవ్వింది. పక్క సీటు వాళ్ళు కూడా నవ్వారు. రైలు కదిలింది. జీవితంలో నేను వేసిన జోకులకు లెక్కలేదు, వాటిలో చాలా మటుకు మరిచిపోయాను. అది మాత్రం ఇప్పటికీ నిద్ర పట్టనివ్వదు.

పోటీని మా అక్క ఇంట్లో, చెంబుకు ఆనించిన సెల్ఫోన్లో చూశాం. బొమ్మ ఆగుతూ, సాగుతూ వచ్చింది. మొదటి సగం ఆమె మా రోడ్డు మీద పరుగెత్తినట్టే, అదే అంగ, అదే ఊపిరి, ఎంత తీరుబాటుగా పోతున్నదో చూడగానే తెలిసింది. చేతికి గడియారం కూడా కట్టుకోలేదు. ఎందుకు తొందర, ఆ వేగంతోనే గడువుకు ఇరవై సెకన్లు ముందు చేరిన మనిషి కదా. సగం దూరం దగ్గర పెద్ద గడియారం పెట్టి ఉంది. దాన్ని చూసి ఆమె తల ఒక్కసారి వెనక్కి పోయింది, ఎవరో చెంప మీద కొట్టినట్టు. అక్కడి నుంచి ఆమె పరుగెత్తిన పరుగు నేను ఎన్నడూ చూడలేదు, ఇక చూడను కూడా. ఆఖరి గీత దాటేసరికి గడువు పోయి పది సెకన్లు కూడా కాలేదు. బొమ్మలో జనం చప్పట్లు కొడుతున్నారు, మెడలో ఏదో మాల వేశారు. మా అక్క నా వైపు తిరిగి, గెలిసిందా రా అని అడిగింది. మన దేశపు పిల్లల్లో ముందు వచ్చింది అక్కా అన్నాను. అది నిజమే. ఆమె లేచి పోయి ఇరుగుపొరుగుకు బెల్లం పంచింది. నేను నా చేతిలో పెట్టిన ముక్కను చాలాసేపు గుప్పిట్లోనే పెట్టుకుని కూర్చున్నాను.

తిరిగి వచ్చిన రోజు కుప్పం నుంచి నా లోడు బండిలోనే తీసుకొచ్చాను. వెంకటగిరికోట దాటాక టీ కోసం ఆపి, మేకల దగ్గర మొదలుపెట్టి ఆమె ముఖం దాకా, తీసిందంతా చెప్పేశాను. నిజం చెప్పి ఉంటే మొదటి సగం ఇంకో తీరుగా పరుగెత్తేదేమో, గడువు అందేదేమో, అందకపోయేదేమో, అది ఆ దేవుడికే తెలియాలి. తెలుసుకునే దారి మూసింది మాత్రం నేనే అన్నాను. ఆమె టీ తాగింది. గ్లాసు కడిగి బల్ల మీద పెట్టింది. తిట్టి ఉంటే బాగుండునని ఇల్లు చేరేదాకా కోరుకున్నాను. ఇంటికి పోయి బూట్లు అటక మీద పెట్టింది, అన్నట్టుగానే.

ఆ తరువాత ఆ రోడ్డు వెడల్పు చేశారు, పాత కిలోమీటరు రాళ్ళు చాలా మటుకు పెరికేశారు. మోపెడ్ను పాత ఇనుప సామాన్లవాడు తీసుకుపోయాడు. పొట్టి ఆవులను ఇప్పుడు రోడ్డు మీద చూడలేం, సెల్ఫోన్లలో చూడాలి. అప్పట్లో ఒక మనిషి పరుగెత్తాలంటే వెనక ఇంకో మనిషి ఉండాల్సి వచ్చేది, వాడు అబద్ధాలకోరైనా సరే, అరటిపండు ఒలిచి ఇవ్వడానికి, వాగడానికి ఒకడు ఉండేవాడు. ఇప్పుడు ఆ పని మణికట్టు మీది బిళ్ళ చేస్తోంది. అది వాగదు. దానికి జాలీ లేదు, జాలి వల్ల వచ్చే పాపమూ లేదు.

నా మేనకోడలు ఉద్యోగం చేసుకుంటూనే, పొద్దున పూట పుంగనూరు మైదానంలో పల్లె ఆడపిల్లలకు పరుగు నేర్పుతుంది. ఈ ఉదయం మోరీ మీద నుంచి లేచి నేరుగా అక్కడికే పోయాను. ఆమె చేతిలో టైములు రాసుకునే పలక పట్టుకుని, వచ్చిన ప్రతి పిల్ల టైమునూ ఆ పిల్ల ముఖం వైపు చూడకుండా గట్టిగా చదువుతోంది. నా చేయి చాపి, చూసినావామ్మా, మీ మామ చేసిన పనినే ఇప్పుడు కంపెనీవాళ్ళు గడియారంలో పెట్టి అమ్ముతున్నారు, ఇది కూడా మేకలకు తరుగు తీస్తోంది అన్నాను. ఇన్నేళ్ళ తరువాత ఆమె నోట ఆ తరుగు గురించి ఏదో ఒకటి వినాలని ఉండింది. ఆమె నవ్వలేదు. నా చేయి పట్టుకుని గడియారంలో ఏదో రెండు మూడుసార్లు నొక్కింది. మా పిల్లోళ్ళందరి గడియారాల్లోనూ ఈ ఆగేది తీసేసిండాను మామా, ఇంక నీది కూడా ఆగదు అంది. నా చొక్కా చెయ్యిని మణికట్టు మీదికి లాగి సరిచేసింది, చిన్నపిల్లవాడికి చేసినట్టు.

"ముప్పై ఏండ్లు మండీలో ఉండినావు. తరుగు యాడ తీసినా, ఎవురు తీసినా, పండిచ్చినోడి నెత్తినే పడతాదని నీకు తెలీదా మామా?"