పడినవాడు లేచాడా

మచిలీపట్నం నుంచి అవనిగడ్డ వెళ్ళే బస్సులో ఫోన్‌లో రగ్బీ మ్యాచ్ చూస్తున్నాను. మాది అనంతపురం. అక్కడ పిల్లలకు ఈ ఆట నేర్పుతుంటాను. దేశాల మధ్య కొత్తగా మొదలైన పోటీ అది. ఆట వేగంగా సాగాలని నియమాలు మార్చారు. ఆ మార్పులేమిటో గమనించడమే నా పని.

పక్క సీటులో ఒకావిడ ఖాళీ చేపల గంప కాళ్ళ దగ్గర పెట్టుకుని కూర్చుంది. కాసేపటినుంచి ఆమె కూడా నా ఫోన్లోకే చూస్తోంది. ఇంతలో ఒక ఆటగాడు కిందపడ్డాడు. మిగతావాళ్ళు బంతి తీసుకుని ముందుకు పరిగెత్తారు.

"అదేంటండీ, మనిషి పడిపోతే ఆపరా?"

"ఆపరండీ. డాక్టర్ వచ్చి చూస్తాడు. ఆట మాత్రం నడుస్తూనే ఉంటుంది. మధ్యలో ఆగితే చూసేవాళ్ళకి విసుగు."

ఆమె గంపని కాళ్ళ దగ్గరికి లాక్కుంది.

"మా ఆయన కాలికి వల చుట్టుకుని సముద్రంలో పడ్డప్పుడు, మావాళ్ళు వల కోసేశారండీ. నాలుగిళ్ళకి కలిపి ఒకటే వల. చేపలన్నీ పోయాయి, మనిషి దక్కాడు."

"కోసినాయన్ని ఎవరూ ఏమీ అనలేదా?"

"ఎందుకంటారండీ? మా పడవలో ఆ కత్తి ఉండేదే అందుకు. దాంతో చేప కూడా కొయ్యం."

నేను మళ్ళీ మ్యాచ్‌లో పడిపోయాను. అవనిగడ్డలో ఆమె గంప తీసుకుని లేచింది.

"ఇంతకీ ఆ అబ్బాయి లేచాడా అండీ?"

"లేచాడండీ" అన్నాను.

అప్పటిదాకా నేను చూసింది స్కోరే, అతను లేచాడో లేదో కాదు.