దీవిలో గిటారు, పక్కన జనరేటర్

అండమాన్ వెళ్లి రావాలని మాకు పెద్ద ఉబలాటమేమీ లేదు. సుగుణ చెవి ఆపరేషన్‌కు తేదీ ఖాయమైంది కాబట్టి, ఆ లోపల వెళ్లి రావాలని బయల్దేరాం. సుగుణ నా భార్య. నాలుగేళ్లుగా ఆమెకు రెండు చెవుల్లోనూ వినికిడి తగ్గుతూ వస్తోంది. నేనేమో తార్నాక పక్కనే యూనివర్సిటీ లైబ్రరీలో పదహారేళ్లుగా పనిచేస్తున్నాను. గొంతు తగ్గించి మాట్లాడటం నా ఉద్యోగం. ఇంటికొచ్చినా ఆ గొంతు పైకి లేవదు. మా రెండు గదుల ఇంట్లో ఎవరి మాట ఎవరికి అందేదో మీరే ఊహించుకోండి.

"గిర్నీల నాకు మంచిగ ఇనపడ్తది" అని ఒకసారి అంది సుగుణ. పిండి పట్టించడానికి వెళ్తే, ఆ మోతలో అక్కడి ఆడవాళ్లు చెప్పుకునే ముచ్చట్లన్నీ తెలుస్తాయట. "మంచి చెవులున్న నాకే ఆడ ఏం ఇనపడదు, నీకెట్ల ఇనపడ్తది?" అని నవ్వి ఊరుకున్నాను. ఆ మాట అప్పుడే పట్టించుకుని ఉంటే ఈ ప్రయాణం ఇంకోలా జరిగేది.

దీవి సంగతికి వస్తాను. చిన్నప్పుడు జనగామ దగ్గరి పల్లెలో సుగుణ వాళ్ల ఇంట్లో రేడియో ఉండేది. వార్తలకు ముందు రెండు మూడు నిమిషాలు మిగిలితే హవాయి గిటారు మీద ఏదో సినిమా పాట వేసేవాళ్లు. గిటారును ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని, తీగల మీద ఇనుప కడ్డీ జారుస్తూ వాయిస్తారే, అది. పాట చరణంలోకి వెళ్లేసరికి వార్తల టైం అయ్యేది, పాట ఆగిపోయేది. "ఒక్కటన్న చివరిదాక ఇనలే" అని పెళ్లయిన కొత్తలోనే చెప్పింది. అండమాన్‌లో పుట్టి పెరిగిన ఒక రీసెర్చ్ విద్యార్థి మా లైబ్రరీకి వస్తుంటాడు. హేవ్‌లాక్ దీవిలో ఒక గెస్ట్‌హౌస్ ఉందని, అక్కడ ప్రతి శనివారం సాయంత్రం బిశ్వాస్ అనే బెంగాలీ స్కూలు మాస్టారు హవాయి గిటారు వాయిస్తారని అతనే చెప్పాడు. ఇంటికొచ్చి ఆ మాట సుగుణకు చెప్తే, చాలా నెలల తర్వాత మొదటిసారి ఒక్క దెబ్బకే విన్నది.

ఇక నా భయం సంగతి. డాక్టర్ గదిలో ముగ్గురం కూర్చున్నాం. మన దగ్గర అలవాటే కదా, డాక్టర్ నాతో మాట్లాడారు, రోగి గోడ మీది చెవి బొమ్మ చూస్తూ కూర్చుంది. చెవిలో ఒక చిన్న ఎముక బిగుసుకుపోయింది, ఆపరేషన్ చేస్తే చాలామందికి వినికిడి తిరిగొస్తుంది, కానీ ఎక్కడో ఒకరికి ఆ చెవి పూర్తిగా పోతుంది, ఆ సంగతి ఇద్దరూ ఆలోచించుకోండి అన్నారు. బయటికి రాగానే సుగుణ అడిగింది, "ఏమన్నడు?" అని. "చిన్న ఆపరేషనట. తప్పక ఇనపడ్తదట" అన్నాను. ఆమె తల ఊపింది. ఆ రోజు నుంచి నాకు అన్నం సహించడం లేదు.

శనివారం సాయంత్రం నాలుగున్నరకు తార్నాకలో సిటీ బస్సు ఎక్కాం. నాకు తొందరెక్కువ. ఆరున్నర రైలుకు ఐదు గంటలకే సికింద్రాబాద్ ప్లాట్‌ఫారం మీద ఉన్నాం. సామాను మూడు శాల్తీలు, టికెట్లు నా లోపలి జేబులో. పది నిమిషాలకోసారి జేబు తడుముకున్నాను. ఆదివారం ఉదయం మద్రాసులో దిగి హార్బరుకు దగ్గర్లో ఒక లాడ్జిలో ఉన్నాం. వెళ్లదలచిన వాళ్లకు ఒక మాట. ఓడ టికెట్ ముందుగా ఉన్నా సరే, బయల్దేరే టైం ఎప్పుడు మారుతుందో తెలియదు. ఒకరోజు ముందే చేరుకోండి. మాది సోమవారం పొద్దున పది అన్నారు, పన్నెండున్నరకు కదిలింది. ఆ రెండున్నర గంటల్లో ఓడ ఎందుకు కదలడం లేదో నేను నలుగురిని అడిగాను, నలుగురూ నాలుగు కారణాలు చెప్పారు.

బంక్ క్లాసంటే ఓడ కడుపులో వరసగా పై మంచం, కింద మంచం. గాలి ఆడదు, డీజిల్ వాసన. నిమ్మకాయలు, బత్తాయిలు తీసుకెళ్లడం మంచిది. నేను మొదటి రోజంతా పడుకునే ఉన్నాను. సుగుణకు ఏమీ కాలేదు. హాయిగా పప్పన్నం తిని, పక్క మంచం ఆవిడతో కబుర్లు చెప్పుకుంటూ కూర్చుంది. ఇంజన్ గది గోడ అవతలే ఉండటంతో నాకు వాళ్ల మాట ఒక్కటీ అందలేదు. అది కూడా నేను పట్టించుకోలేదు.

మంగళవారం సాయంత్రం నాలుగింటికి డెక్ మీదికి వెళ్లాం. పొగగొట్టం వెనక గాలి తగలని చోట ఒక బెంచీ ఉంది. చెవులు గింగురుమనే మోత కాబట్టి అది ఖాళీగానే ఉంటుంది. సుగుణ ఆ చివర సముద్రం వైపు తిరిగి బత్తాయి వలుస్తోంది. ఈ చివర నేను, నా పక్కన అప్పలస్వామి గారు. శ్రీకాకుళం వైపు నుంచి ముప్ఫై ఏళ్ల కిందట పోర్ట్‌బ్లెయిర్ వెళ్లి, అక్కడే కలప మిల్లులో పనిచేస్తున్న పెద్దమనిషి.

"ఏటి బాబూ, ఓడ ములిగిపోతాదన్నట్టు కూకున్నారు?" అని నా చెవిలో అరిచారాయన.

పరాయి మనిషి, మళ్లీ కనిపించడు. ఇంట్లోనైతే సుగుణ పక్కనే కూర్చుని ఉండగా ఆమె గురించి ఎన్నోసార్లు మాట్లాడాను, ఎప్పుడూ ఏమీ కాలేదు. ఆ ధైర్యంతో చెప్పేశాను. మోతలో ఆయనకు అందక, గొంతు చించుకుని రెండోసారి చెప్పాను. "తేడా వస్తే చెవి మొత్తం పోతదన్నడు డాక్టర్! ఆమెకు చెప్పలే! భయపడి వద్దంటదని చెప్పలే!"

ఆయన కాసేపు సముద్రం చూసి అన్నారు, "సెప్పేయండి బాబూ. సెవి ఆవిడది గదేటి."

సుగుణ లేచి వచ్చింది. వలిచిన తొనలన్నీ అప్పలస్వామి గారి చేతిలో పెట్టింది. తొక్కలు నా చేతిలో పెట్టి, పారేయమని కిందికి వెళ్లిపోయింది. పెద్దాయన మీద గౌరవం అనుకున్నాను.

గురువారం ఉదయం పోర్ట్‌బ్లెయిర్ చేరాం. శుక్రవారం పొద్దున ఆరింటికి బోటెక్కితే పదిన్నరకు హేవ్‌లాక్. జెట్టీ నుంచి గెస్ట్‌హౌస్‌కు జీపులో వెళ్లాలి. కొబ్బరిచెట్ల మధ్య ఆరు గదులు, ముందు పొడుగాటి వరండా, ఎదురుగా సముద్రం. నీళ్ల రంగు గురించి నేను విన్నవన్నీ నిజమే, అయితే నేను వాటిని సరిగా చూడలేదు. మా లైబ్రరీ విద్యార్థి ముందే హెచ్చరించాడు, దీవిలో కరెంటు తరచు పోతుంది, గది జనరేటర్‌కు దూరంగా అడగండి అని. అడిగి చివరి గది తీసుకున్నాను. మాస్టారికి జ్వరం వస్తే? వాన పడితే? సుగుణకు వినపడకపోతే? శనివారం సాయంత్రం దాకా ఇవే ఆలోచనలు. ఆమె మాత్రం చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని గంటల తరబడి అలల్లో నడిచింది. నన్ను పిలవలేదు.

అక్కడ ఐదున్నరకే చీకటి పడుతుంది. ఐదు ముప్పావుకు బిశ్వాస్ మాస్టారు సైకిల్ మీద వచ్చారు. సన్నటి మనిషి, తెల్ల లాల్చీ. గిటారు ఒళ్లో పెట్టుకుని, పక్కన చిన్న యాంప్లిఫయర్‌కు తీగ తగిలించారు. ఏడెనిమిది మంది టూరిస్టులు కుర్చీలు లాక్కున్నారు. మేము ముందు వరసలో కూర్చున్నాం. మొదలుపెట్టింది పాత హిందీ పాట, మాకిద్దరికీ తెలిసిందే. ఇనుప కడ్డీ తీగ మీద జారుతుంటే స్వరం ఎక్కడా తెగకుండా ఒకదానిలోంచి ఇంకొకదానిలోకి పాకుతోంది. నా ఒళ్లు జలదరించింది. సుగుణ వైపు చూశాను. ముందుకు వంగి, ఆయన చేతుల్నే చూస్తూ నవ్వుతోంది. ఇంటికొచ్చిన చుట్టాలు మాట్లాడేది అందనప్పుడు నవ్వే నవ్వు అది. ఇంత దూరం తీసుకొచ్చి కూడా ఆమెకు వినిపించలేకపోయాననుకున్నాను.

పాట చరణంలోకి వెళ్లింది. కరెంటు పోయింది. యాంప్లిఫయర్ మూగపోయి, ఒట్టి తీగల చప్పుడు మిగిలింది.

సుగుణ నా వైపు తిరిగింది. "ఏంది, వార్తల టైమైందా?" అంది.

ఇంతలో వరండా పక్కనే జనరేటర్ వేశారు. నేల అదిరింది. డీజిల్ పొగ వచ్చింది. టూరిస్టులు చెవులు మూసుకుని దూరంగా ఇసుకలోకి వెళ్లిపోయారు. మాస్టారు హిందీలో క్షమించమని చెప్పి, మోతను మించేలా యాంప్లిఫయర్ పూర్తిగా పెంచి, పాట మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నారు. సుగుణను కూడా దూరంగా తీసుకెళ్దామని ఆమె కుర్చీ పట్టుకున్నాను. ఆమె నా చేయి తోసేసింది.

ఆమె వేళ్లు మోకాలి మీద తాళం వేస్తున్నాయి. ఎక్కడా తప్పడం లేదు. మెలిక వచ్చిన చోట తల ఊగుతోంది. చరణం అయింది, రెండో చరణం కూడా అయింది. చివర కడ్డీ పై స్వరం దాకా పాకి సన్నగా వణికి ఆగేసరికి, సుగుణ కళ్లనిండా నీళ్లు.

"అయిపోయిందా?"

"అయిపోయింది" అన్నాను, మోతలో గట్టిగా.

"ఇట్లనా అయిపోయేది" అంది, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ. ఆ తర్వాత మాస్టారితో మన హైదరాబాదీ హిందీలో మాట్లాడటం మొదలుపెట్టింది. ఎన్నేళ్లుగా వాయిస్తున్నారు, ఎవరు నేర్పారు అని. ఆయన అరిచి చెప్తున్నారు, ఈమె ఒక్కదానికీ "ఆ?" అనకుండా జవాబిస్తోంది. నాకేమో సగం కూడా అందడం లేదు. అప్పుడు గుర్తొచ్చింది గిర్నీ. మోత నా చెవుల్ని మూసేస్తుంది. ఆమెకు ఆ మోత అంతగా తెలియదు, మోతను మించాలని ఎదుటివాళ్లు పెంచిన గొంతు మాత్రం తెలుస్తుంది. ఆ వెంటనే ఓడ మీది బెంచీ గుర్తొచ్చింది, నా చేతిలో బత్తాయి తొక్కలు గుర్తొచ్చాయి.

మాస్టారు ఇంకో నాలుగు పాటలు వాయించారు. సుగుణ అన్నీ చివరిదాకా విన్నది. నేను ఒక్కటీ వినలేదు.

తిరుగు ప్రయాణం ఆదివారం మొదలైంది. బోటు, మళ్లీ ఓడలో మూడు రోజులు, మద్రాసు, రైలు. ఆమె ఏమీ అడగలేదు. నేనేమీ చెప్పలేదు. ఓడలో ఆ బెంచీ వైపు వెళ్లే ధైర్యం చేయలేదు. మద్రాసు రైల్లో ఎదురుగా కూర్చున్నావిడ, "అండమాన్ల ఏం చూసిన్రమ్మా?" అని నాలుగుసార్లు అడిగింది. నాలుగోసారికి అందుకుని సుగుణ చెప్పింది, "చూసుడేముంది, ఇన్న" అని.

శుక్రవారం ఉదయం ఏడింటికి సికింద్రాబాద్‌లో దిగి సిటీ బస్సెక్కాం. ఆడవాళ్ల సీట్లు ముందుంటాయి కదా, సుగుణకు డ్రైవర్ పక్కన ఇంజన్‌కు ఆనుకున్న సీటు దొరికింది. నేను సామానుతో ఆమె పక్కన నిలబడ్డాను. మెట్టుగూడ దాటుతుండగా ఆమె తలెత్తకుండానే అంది.

"ఓడల ఆ పెద్దమనిషికి చెప్పిన్రు గదా."

నేను పై కడ్డీ పట్టుకుని ఆమె వైపు వంగాను.

"దారిన పోయేటోనికి చెప్పిన్రు. నాకు చెప్పలే. నేను వద్దంటనని మీకెట్ల తెలుసు?" గొంతులో కోపం కంటే చిన్నతనం పడ్డ బాధ ఎక్కువగా ఉంది. "పది రోజులైతున్నది. ఇయ్యాల చెప్తరు, రేపు చెప్తరు అని చూసిన."

తార్నాకలో దిగాం. బస్సు వెళ్లిపోయింది. పొద్దుటి పూట రోడ్డు నిశ్శబ్దంగా ఉంది. "తప్పయింది సుగుణా" అన్నాను, నా లైబ్రరీ గొంతుతో.

"ఆ?" అంది.

ఇంకోసారి అనబోయి ఆగాను. మూడు శాల్తీలూ కింద పెట్టాను. యూనివర్సిటీ వైపు వెళ్లే బస్సు ఒకటి వచ్చి మా పక్కనే నిలబడింది, ఇంజన్ గుర్రుమంటోంది. అప్పుడు చెప్పాను. డాక్టర్ అన్న ప్రతి మాటా, ఒక్కటీ వదలకుండా, ఉన్న గొంతంతా పెట్టి అరిచాను. బస్సులోని విద్యార్థులు కిటికీల్లోంచి చూశారు. టీ బండి దగ్గరివాళ్లు గ్లాసులు పట్టుకుని ఇటు తిరిగారు.

"మరి పోతే?" అంది సుగుణ, నా ముఖంలోకి చూస్తూ.

"నాకు తెల్వదు! భయమైతున్నది! నాకే భయమైతున్నది!"

బస్సు కదిలింది. "సోమవారం డాక్టర్ ముంగట నేను కూసుంట. గట్టిగ చెప్పమని నేనే అడుగుత. చేయించుకునుడా, వద్దా నేను చెప్త" అంది. "మీరు ఎనక కూసోండ్రి."

"సరే" అన్నాను. బస్సు వెళ్లిపోయింది కాబట్టి ఇంకా గట్టిగా, "సరే!" అన్నాను.

ఆమె ఒక సంచీ అందుకుంది, నేను రెండు. మా గల్లీలోకి తిరిగాం. వెళ్లేవాళ్లకు చివరి మాట, ఆ వరండాలో జనరేటర్ పక్కనున్న కుర్చీలే మంచివి. గల్లీలో నడుస్తూ సుగుణకు ఇదే చెప్తున్నాను. పక్కింటివాళ్లు మేం కొట్లాడుకుంటున్నామనుకుని తలుపులు తీసి చూశారు. నేను గొంతు తగ్గించలేదు.