కాళ్ళు కావు, చేతులు

ఆక్టోపస్‌కి ఎనిమిది కాళ్ళుంటాయని పెద్దాయన ముందు పొరపాటున కూడా అనకూడదు. అన్నారో, ఆ పూట మీ పని అయిపోయినట్టే. “కాళ్ళు కావండీ, చేతులు! ఎనిమిదీ చేతులే!” అని మొదలుపెట్టి, దాని మూడు గుండెలూ, నీలం నెత్తురూ, ఎముకన్నదే లేని ఒళ్ళూ అన్నీ చెప్పి, స్క్విడ్‌ దగ్గరికి చుట్టపుచూపుగా వెళ్ళి, అక్కణ్ణుంచి కటిల్‌ఫిష్ ఇంట్లో దిగి గానీ వదలడు. మీరు ఆక్టోపస్ మాట ఎత్తకపోయినా దిగుల్లేదు, ఆయనే ఎత్తుతాడు.

ఆయన ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ముప్ఫై ఏళ్ళుగా ప్రూఫులు దిద్దుతున్నాడు. అందరూ గురువుగారూ అని పిలుస్తారు. పన్నెండేళ్ళ కిందట ఎవరో సముద్ర జీవుల మీద లావుపాటి పుస్తకం అచ్చుకిచ్చారు. పని పూర్తయ్యాక మిగతావాళ్ళంతా ఆ పుస్తకంలోంచి బయటపడ్డారు. పెద్దాయన మాత్రం ఎనిమిదో అధ్యాయంలోనే ఉండిపోయాడు. సముద్రం చూసింది రెండే రెండుసార్లు, రెండుసార్లూ మోకాలి లోతు దాటలేదు. అయినా ఆక్టోపస్ గురించి సొంత మేనత్త గురించి చెప్పినట్టు చెబుతాడు.

“నాకూ మూడు గుండెలుంటే బాగుండేదమ్మా, ఈయన్ని భరించడానికి ఒకటి చాలట్లేదు” అని ఆయన భార్య ఓసారి ప్రెస్సుకొచ్చినప్పుడు, పుస్తకాలకి అట్టలు వేసే బైండింగ్ అక్కతో వాపోయింది. “చూశారా, ఈవిడక్కూడా లెక్క గుర్తుంది!” అని ఆయన మురిసిపోయాడు. అలాంటి మనిషితో ఏం వేగుతారు చెప్పండి!

వేగాల్సి వచ్చింది, ప్రూఫులు దిద్దడానికే చేరిన కొత్తమ్మాయికి. ఆమె కుర్చీ సరిగ్గా ఆయన ఎదురుగా. ముప్ఫై రెండేళ్ళ మనిషిని కొత్తమ్మాయి అనడమేమిటంటారా, ఆమె తర్వాత ప్రెస్సులో ఎవరూ చేరలేదు మరి. ఆమె ఉండేది అక్కాబావల ఇంట్లో. “మూడు నెలలు కూడా నిలవదు, చూస్తూ ఉండు” అని బావ అక్కతో నవ్వుతూనే అన్నాడు గానీ, ఆ మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. ఉద్యోగం ఖాయమైతే వేరే గది తీసుకోవాలి, తన తలుపుకి తను తాళం వేసుకోవాలి. ఆమె కోరికల్లా అదే. యజమాని షరతు కూడా ఒకటే: మూడు నెలల్లో మూడు తప్పులు అచ్చులోకి వెళ్ళాయో, దయచెయ్యమంటాడు. అప్పటికే రెండు వెళ్ళాయి. గడువు ఇంకా నాలుగు రోజులుంది.

ఆ రెండో తప్పు మామూలుది కాదు. సామాన్ల షాపు కరపత్రంలో ‘గృహోపకరణాలు’ కాస్తా ‘గ్రహోపకరణాలు’ అయి కూర్చుంది. యజమాని ఆ కాగితం పట్టుకుని ఊగిపోయాడు.

“ఏమ్మా, వీళ్ళు కుజుడి మీద మిక్సీలు అమ్ముతున్నారా?”

“సార్, అది... పొరపాటున...” అని ఆమె నోరు విప్పిందో లేదో, పెద్దాయన అందుకున్నాడు.

“కోపమొస్తే మీరు ఎర్రబడటానికి రెండు నిమిషాలు పట్టింది సార్. అదే ఆక్టోపస్ అయితే రెప్పపాటులో రంగు మార్చేస్తుంది. దాని చర్మంలో చిన్న చిన్న రంగు సంచులుంటాయి...”

“గురువుగారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను, ఆపండి!”

“ఆక్టోపస్‌కైతే చేతులు పట్టుకోవాలి సార్.”

యజమాని తల పట్టుకుని తన గదిలోకి పారిపోయాడు. కొత్తమ్మాయికి ఒళ్ళు మండిపోయింది. సంజాయిషీ చెప్పుకోనివ్వకుండా మధ్యలో ఈ గోలేమిటి? బైండింగ్ అక్క నోటుపుస్తకాలకి అట్టలు తలకిందులుగా అతికించిన రోజూ ఇదే తంతు. యజమాని తిట్లు మొదలుపెట్టగానే ఈయన స్క్విడ్ ఎత్తుకున్నాడు. ఈ మనిషికి వేళాపాళా లేదని ఆమె అప్పుడే తేల్చేసుకుంది.

సరే, అసలు రోజుకి వద్దాం. కళ్ళజోళ్ళ షాపాయన ఐదువందల పోస్టర్లు అచ్చుకిచ్చాడు. పదకొండింటికి ఆయనే స్వయంగా వచ్చి ముందు గదిలో కూర్చున్నాడు. కట్ట కట్టేముందు కొత్తమ్మాయి పైన ఉన్న పోస్టరు ఒకసారి చూసింది. చూసి, గోడకి ఆనుకుంది.

‘కాళ్ళజోళ్ళు! మీ కాళ్ళ పరీక్ష ఉచితం! దగ్గర కాళ్ళకు, దూరం కాళ్ళకు వేరువేరు అద్దాలు!’

తలకట్టు ఉండాల్సిన ప్రతిచోటా నిక్షేపంలాంటి దీర్ఘం. ప్రూఫు దిద్దింది తనే. నిన్న తను ఆ కాగితం చూస్తున్నంతసేపూ ఎదురుగా పెద్దాయన ఎవరితోనో “కాళ్ళు కావండీ, కాళ్ళు కావు” అని ఒకటే పోరు. చెవిలో కాళ్ళు, కళ్ళలో కాళ్ళు! ఎక్కడ చూసినా కాళ్ళే ఉంటే తేడా ఎలా తెలుస్తుంది?

ఆమె ఆ పోస్టరు తీసుకెళ్ళి ఆయన బల్ల మీద పడేసింది. ఏడుపూ కోపమూ కలిసి ఒక్కసారే వచ్చాయి. “నా ఉద్యోగం పోయింది గురువుగారూ. మీ ఆక్టోపస్ చల్లగా ఉండాలి!”

పెద్దాయన కళ్ళద్దాలు సవరించుకుని చదివాడు. ఆశ్చర్యం, ఆక్టోపస్ ఊసే ఎత్తలేదు. లోపల అచ్చుయంత్రం నడిపే మనిషిని కేకేశాడు. “మిషన్ బాబాయ్! కొత్త ప్లేటు వేసి ఐదువందలు తియ్యడానికి ఎంతసేపు?”

“ఎంత తొందర చేసినా ముప్పావుగంట!”

“ముప్పావుగంటేనా? అది మనకి స్క్విడ్ దాకా కూడా చాలదు” అని లేచి, చొక్కా సర్దుకుని ముందు గదిలోకి నడిచాడు.

కొత్తమ్మాయికి కాళ్ళూ చేతులూ ఆడలేదు. మిషన్ బాబాయ్ కసిరితే కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కొక్క దీర్ఘమూ పీకేసింది. తలుపు సందులోంచి మాటలు వినబడుతున్నాయి.

“మీరు కళ్ళజోళ్ళు అమ్ముతారు కదా, మన కంట్లో ఒక గుడ్డిచుక్క ఉంటుందని మీకు తెలుసు. ఆక్టోపస్ కంట్లో అది లేదు!”

“అవునా?” అన్నాడు షాపాయన.

“కటిల్‌ఫిష్ కంటిపాప ఇంగ్లీషు డబ్ల్యూ అక్షరంలా ఉంటుంది. అలాంటి కంటికి మీరు ఏ అద్దం ఇస్తారు?”

“అద్దం సంగతి తర్వాత సార్, దానికి చెవులున్నాయా?”

“లేవు.”

“ముక్కో?”

“అదీ లేదు.”

“మరి ఫ్రేము దేని మీద ఆనుతుంది?”

పన్నెండేళ్ళలో తనని ఎదురు ప్రశ్న అడిగిన మొదటి మనిషి దొరికేసరికి పెద్దాయన గొంతు పైకి లేచింది. ఇద్దరూ కాగితం తీసుకుని బొమ్మ గీయడం మొదలుపెట్టారు. డెలివరీ ఏమైందో అడుగుదామని వచ్చిన యజమాని, ఆక్టోపస్ అన్న మాట వినబడగానే గుమ్మంలోంచే వెనక్కి తిరిగాడు.

“చూడు, మనిషి ఎలా పారిపోయాడో!” అని మిషన్ బాబాయ్ ప్లేటు బిగిస్తూ కిసుక్కున నవ్వాడు. “నేను రోలరు పాడుచేసిన నాడు ఆక్టోపస్ సిరా చల్లి తప్పించుకోవడం గురించి గంటసేపు చెప్పాడు. అయ్యేసరికి యజమానికి రోలరు సంగతే గుర్తులేదు. బైండింగ్ అక్కనీ అలాగే బయటపడేశాడు. నిన్నూ అంతే కదమ్మా, ఆ గ్రహాల రోజు.”

కొత్తమ్మాయి చేతిలో కాగితాలు అలాగే ఉండిపోయాయి. తను తిట్టుకున్న ప్రతి ఉపన్యాసమూ ఎవరి నెత్తిన తిట్లు పడుతున్నప్పుడు మొదలైందో ఒక్కొక్కటే గుర్తొచ్చింది. సిగ్గేసింది. కాగితాలు పక్కన పెట్టి ముఖం చేతుల్లో దాచుకుంది. “తర్వాత ఏడుద్దువు గానీ, కాగితం అందించు!” అన్నాడు బాబాయ్.

సరిగ్గా యాభై నిమిషాలకి కొత్త కట్ట ముందు గదికి చేరింది. షాపాయన పోస్టరు చూసి మెచ్చుకుని, ఎనిమిది చేతుల బొమ్మ మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళాడు. పాత కట్ట పెద్దాయన బల్లకింద దూరింది.

సాయంత్రం యజమాని కొత్త పోస్టరు ఒకటి పట్టుకుని వచ్చాడు. “ఏమ్మా, అక్షరం అక్షరం చూశాను, ఒక్క తప్పు లేదు. ఇంక నాలుగు రోజులు ఆగడమెందుకు? నీ ఉద్యోగం ఖాయం అనుకో.”

ఎంత సంతోషం రావాలి! రాలేదు. బల్లకింద ఐదువందల జతల కాళ్ళు ఆమెకు కనబడుతూనే ఉన్నాయి. “సార్, మీకో నిజం చెప్పాలి. పొద్దున...”

“నిజమంటే గుర్తొచ్చింది సార్!” అని పెద్దాయన దిగ్గున లేచాడు. “ఆడ ఆక్టోపస్ ఉంది చూశారూ, గుడ్లు పెట్టాక తిండి కూడా మానేసి...”

“రేపు, గురువుగారూ, రేపు!” యజమాని చెప్పులు సగం తొడుక్కునే వీధిలోకి దూకాడు.

గదిలో ఇద్దరే మిగిలారు. కొత్తమ్మాయి ఆయన్నే చూస్తూ అడిగింది. “మీరు కావాలనే చేస్తారు కదూ?”

“కావాలనా?” పెద్దాయన ముఖంలో ఏ గుట్టూ దొరకలేదు. “తిండీ తిప్పలూ మానేసి అది గుడ్లకి కాపలా కాసే ఘట్టం చెబుతుంటే మధ్యలో లేచి వెళ్ళిపోతాడేమిటమ్మా ఆయన? మిగతాది ఎవరికి చెప్పుకోవాలి నేను?”

ఆమె కళ్ళు తుడుచుకుంది. నవ్వొచ్చింది. కుర్చీ ఆయన బల్ల దగ్గరికి లాక్కుని కూర్చుంది.

“నాకు చెప్పండి గురువుగారూ, మొదట్నుంచీ చెప్పండి.”