రెండు రోజుల చుట్టం

సూరత్‌లోని కోసాడ్ కాలనీలో సర్కారు మాకిచ్చిన ఇల్లు ఒకటే గది. భర్త పోయాక మా చెల్లెలు సరోజ సిరిసిల్ల నుంచి మా దగ్గరికి వచ్చి అప్పటికి ఎనిమిది నెలలు. ఒకనాడు, బయటి ఊళ్ల నుంచి ఎవరెవరు వచ్చి ఉంటున్నారో రాసుకునే సర్వే అమ్మాయి వచ్చింది. మనుషులు ఎక్కువైతే ఇల్లు వాపసు తీసుకుంటారేమోనని భయపడ్డాను.

"ఈమె వచ్చి ఆర్నెల్లు దాటిందా?" అని సరోజను చూపిస్తూ హిందీలో అడిగింది.

సరోజకు హిందీ రాదులే అనుకుని, "చుట్టం. మొన్ననే వచ్చింది, రేపు పోతుంది" అని హిందీలోనే చెప్పాను.

కూలికి తెచ్చిన చీరకు మెరుపు రాళ్లు అతికిస్తున్న సరోజ తలెత్తలేదు. ఆ అమ్మాయి వెళ్లగానే బట్టలు సంచిలో సర్దసాగింది.

"ఏందే గిది?"

"రేపు పోతదని నువ్వే చెప్తివి గదక్కా."

సర్వే అమ్మాయి కోసం పక్క బ్లాకుకు పరుగెత్తి, "మా చెల్లెలు. ఇక్కడే ఉంటుంది" అని రాయించి వచ్చాను. సరోజ ఆగిపోయింది. కానీ ఇప్పటికీ ఎవరైనా తలుపు తడితే తను లేచి పొయ్యి గట్టు చాటుకు వెళ్తుంది. నేను తల దించుకుని తలుపు తీస్తాను.