పెట్టెలో వదలాల్సిన ఖాళీ

మా వీధి చివర వంతెన కడతారట, వారం నుంచి డ్రిల్లింగ్ మిషను నడుస్తోంది. ఆ మోత మొదలైతే నేను మంచం మీద నిలవలేను. కోడలు కాఫీ తెచ్చేలోపే చెప్పులు తొడుక్కుని వెళ్ళి, రాతి ముక్కలు పేర్చిన పెట్టెలు చూసి వస్తాను. వస్తాను, కూర్చుంటాను, మళ్ళీ వెళతాను. అక్కడివాళ్ళ లెక్కలో నేను పనిలేని ముసలాణ్ణి. ఒకప్పుడు అలాంటి పెట్టెలు సర్దడమే నా పని. ఒక పెట్టెను చెడగొట్టినవాణ్ణి కూడా.

మాచర్ల దగ్గర నాపరాళ్ళ క్వారీలో పెరిగాను. నలభై దాటేదాకా అక్షరం ముక్క రాదు. మా అక్క మొగుడు ఇలాంటి డ్రిల్లింగ్ మిషనే నడిపేవాడు, ఆ బావే నన్ను ఈ పనిలోకి లాగాడు. భూమిలోంచి రాయి చెరుకుగడలా గుండ్రంగా, పొడుగ్గా వస్తుంది. దాన్ని వచ్చిన వరసలోనే చెక్కపెట్టె అరల్లో పరచాలి. ఇంజనీరమ్మ వచ్చి, పది సెంటీమీటర్లకు తగ్గిన ముక్కల్ని వదిలేసి, మిగతావి కలిపి కొలిచేది. తవ్విన పొడవులో అవి ఎంత ఎక్కువ భాగముంటే రాయి అంత మంచిదని లెక్క. పునాది ఏ లోతున నిలపాలో దాన్నిబట్టే చెప్పేది. ఇదంతా నాకప్పట్లో తెలియదు. నాకు తెలిసిందల్లా క్వారీ పద్ధతి: బేరగాడు వచ్చేలోపు చెడ్డ పలకలు గుట్టలో పారేసి, మంచివి కంటికి ఆనేలా పేర్చడం.

గురజాల దారిలో వాగు మీద వంతెనకు తవ్వుతున్నప్పుడు, ఒక లోతులో రాయి బదులు పచ్చటి బంకమట్టి, నలిగిన పెచ్చులు వచ్చాయి. బావ టీకి వెళ్ళాడు. ఆ బురద చూస్తే నాకే సిగ్గేసింది. తీసి పారేసి, అంతకుముందు తవ్విన గుంత దగ్గర పడున్న నున్నటి రాతి ముక్కలు ఆ ఖాళీలో పెట్టాను. పెట్టె ముచ్చటగా కుదిరింది. సాయంత్రం ఇంజనీరమ్మ కొలిచి, రాయి బాగుంది, పునాది ఇక్కడే నిలపొచ్చు అంది. అప్పుడు తెలిసింది నేను చేసిందేమిటో. బావతో చెప్పాను.

"నోరు మూసుకోరా. మట్టి పోయిన సంగతి నీకూ నాకూ తప్ప ఎవడికి తెలుసు? చెప్తే ముందు ఊడేది నా పని."

రెండు రోజులు మామూలుగానే పెట్టెలు సర్దాను. రేపు ఆ వంతెన మీద పోయేది మా ఊరి బస్సే. మూడో రోజు వెళ్ళి ఇంజనీరమ్మకు చెప్పేశాను. ఆమె తిట్టలేదు. పక్కనే మళ్ళీ తవ్వించింది. అదే లోతులో మూరెడు బంకమట్టి. పునాది దాని కిందికి దిగింది. "రాయి రానిచోట ఖాళీ వదలాలి బాబాయ్, నాక్కావాల్సింది ఆ ఖాళీయే" అంది. పాడు చేసింది నేనేనని ఎంత చెప్పినా వినకుండా, మిషను బాధ్యత నీదేనంటూ కాంట్రాక్టరు అదేరోజు బావను పంపించేశాడు. బావ తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"రాళ్ళకి పెళ్ళిచూపులు చేసింది నువ్వు. ఇంటికి పోయేది నేనా బామ్మర్దీ?"

ఆ తర్వాతే నా భార్య దగ్గర కూర్చుని అక్షరాలు దిద్దాను. ఎంత లోతున ఏం వచ్చిందో, ఏం రాలేదో నా చేత్తోనే పెట్టె మీద రాయాలనిపించింది.

బావా నేనూ జీవితమంతా కలిసి పనిచేశామని అందరికీ చెబుతుంటాను. అది అబద్ధం. ఐదేళ్ళు ఆయన మా గడప తొక్కలేదు. అక్కకు జబ్బు చేసినప్పుడు ఆస్పత్రి వరండాలో నా పక్కన కూర్చుని, "తిన్నావా?" అన్నాడు. అంతే, మాటలు కలిశాయి. వంతెన ఊసు మాత్రం ఆయన పోయేదాకా ఇద్దరం ఎత్తలేదు.

ఈ పొద్దున చూసిన పెట్టెలో రెండు రాళ్ళ మధ్య జానెడు ఖాళీ ఉంది. ఎవరూ దాన్ని పూడ్చలేదు. చూస్తూ చానాసేపు నిలబడ్డాను. గడిచిన కాలాన్ని తలచుకుంటే నా చేతులు ఇప్పటికీ నున్నటి ముక్కలకోసమే తడుముతాయి. ఆ ఐదేళ్ళను ఎక్కడివక్కడ ఖాళీగా ఉంచడం ఇంత వయసొచ్చాక నేర్చుకుంటున్నాను.