నల్లగండ్ల తొట్టి నుంచి కొండాపూర్‌కు పన్నెండు గప్పీలు

నాకు చందానగర్‌లో ఒకటి, కొండాపూర్‌లో ఒకటి చిన్న అక్వేరియం కొట్లున్నాయి. ఆరేళ్లుగా పెంచుకొస్తున్న ఎర్రతోక గప్పీలు వారం తిరిగేలోపు రెండుచోట్లా చచ్చిపోయాయి. తప్పు నాదే. ఒక కొట్లో తగ్గితే రెండో కొట్టు నుంచి తెచ్చి కలిపేదాన్ని, వారం వారం, అదే వలతో. ఏ తొట్టీ ఖాళీ కావట్లేదని మురిసిపోయాను. చేపలు తిరిగిన దారిలోనే జబ్బూ తిరిగింది. మిగిలినవల్లా యాదమ్మ దగ్గరివే. ఆమె నల్లగండ్లలో ఒక అపార్ట్‌మెంట్‌లో పనిచేస్తుంది. దోమపిల్లల్ని తింటాయని, అక్కడి నీళ్లతొట్టిలో వేయడానికి రెండేళ్ల కిందట కొన్ని ఇచ్చాను. అవీ పోతే నా ఎర్రతోకలు ఇక లేనట్టే.

ఏడున్నరకు చందానగర్‌లో షేర్ ఆటో ఎక్కి, ముప్పై రూపాయలతో ఎనిమిదికల్లా నల్లగండ్ల చేరాను. జబ్బు అంటుతుందని కొట్లోంచి వల, ఆక్సిజన్ సిలిండర్ ఏవీ తేలేదు. కొత్త ప్లాస్టిక్ సంచి ఒక్కటే. సిమెంటు తొట్టిలో ముప్పై దాకా ఉన్నాయి. అన్నీ ఇమ్మన్నాను.

“గట్లెట్లక్కా? దారిల సస్తే మళ్ల ఏడికెల్లి తెస్తవ్? పన్నెండు తీస్కపో,” అని యాదమ్మ స్టీలు గ్లాసుతో ముంచి సంచిలో పోసి, గ్లాసూ నా చేతిలో పెట్టింది.

కొండాపూర్‌కు రెండు వందల యాభైకి ఆటో మాట్లాడుకున్నాను. తొమ్మిదికి ఆఫీసు కార్ల మధ్య ఇరుక్కుపోయాం. ఎండ సంచి మీదే. చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ఒకటి పక్కకు ఒరిగింది. సంచి మూతి విప్పి, గాలి కలవాలని గ్లాసుతో నీళ్లు ముంచి పైనుంచి పోస్తూ కూర్చున్నాను.

డ్రైవర్ అద్దంలో చూశాడు. “ఏందక్కా, చాయ్ చల్లార్పుతున్నవా?”

“చేపలన్నా! ఊపిరాడక చచ్చేలా ఉన్నాయి.”

“ముందే చెప్పొద్దా? గట్టిగ పట్టుకో!” అంటూ పక్క సందులోకి తిప్పాడు.

తొమ్మిదీ నలభైకి చేరాం. ముందే కడిగి, ఆరబెట్టి, కొత్త నీళ్లు నింపి ఉంచిన తొట్టిలో సంచి తేల్చి పావుగంట ఆగి వదిలాను. పదకొండు ఈదాయి. ఒరిగింది మాత్రం లేవలేదు.

ఫోన్ చేస్తే యాదమ్మ, “ఫికర్ చెయ్యకు, గీడ ఇంక మస్తున్నయి. గానీ నీ వల పట్టుకొని మా తొట్టి కాడికి రాకు,” అంది.

తొట్ల మధ్య చేపల రాకపోకలు అసలే లేకపోతే, ఖాళీ అయిన తొట్టి ఖాళీగానే ఉండిపోతుంది. అదేపనిగా కలిపితే పేరుకే మూడు తొట్లు, పోతే అన్నీ ఒక్కసారే పోతాయి. ఇకపై ఎప్పుడో ఒకసారి, నాలుగైదు చేపలు, అంతే. మీరూ చేపలతో ఈ దారిన బయల్దేరితే తొట్టికో వల విడిగా పెట్టుకోండి. నా కొట్లోకి వచ్చిన యాదమ్మ గ్లాసు ఇక ఆమె తొట్టి దగ్గరికి పోకూడదు, నా దగ్గరే ఉంటుంది. ఆమెకు కొత్తది కొనిస్తాను.