భూమయ్య నేర్పని పిడికిలి

“అరే, తుమ్ మేరా దుకాన్ డుబాయేగా!”

“నేనెందుకు ముంచుత అమ్మా? గా ముగ్గురు నవాబులనడుగు. పొద్దుగాల వస్తరు, గోడ నీడకు పంటరు, మాపటికి లేసి పోతరు.”

“మరి నీళ్లు కలిపే టైముకే వాళ్లను చాయ్ తెమ్మని పంపేదెవరు? నిన్న పంపావు, మొన్న పంపావు! నాకు కళ్లు లేవనుకున్నావా?”

ఒమాన్‌లో ఇబ్రా ఊరి చివర సిమెంటు బ్లాకుల షెడ్డు. దాని రేకు తలుపు బయట శ్రీరామచంద్రమూర్తి చంకలో ఫైలుతో ఆగిపోయాడు. లోపల అరుస్తున్నది షెడ్డు యజమానురాలు అజీజా. జంజిబార్‌లో పుట్టి, గుజరాతీ కొట్ల మధ్య పెరిగి, భర్త పోయాక తాతల ఊరికి తిరిగొచ్చిన మనిషి. సగం హిందీ, సగం అరబ్బీ మాట్లాడుతుంది. కోపం హద్దు దాటితే స్వాహిలీ. ఎదురు చెబుతున్నవాడు ఆమె దగ్గర పనిచేసే సుతారి మేస్త్రీ భూమయ్య. అతనిది కోరుట్ల తెలుగు, మధ్యమధ్య బొంబాయి హిందీ. మామూలుగా ఒకరి మాట ఒకరికి సగమే తెలిసేది. తిట్టుకునేటప్పుడు మాత్రం అక్షరం పొల్లుపోయేది కాదు.

అది డెబ్బై ఎనిమిది. వ్యాపారం పెట్టండి, మన కుర్రాళ్లకు పని చూపించండి, డబ్బు మేమిస్తాం అని ఒమాన్ ప్రభుత్వం పిలిచి మరీ చెబుతున్న రోజులు. కిందటేడు అజీజా అర్జీ పెట్టింది, బ్లాకులు పోసే మిషిను వచ్చింది. దానితోపాటు ఒక షరతూ వచ్చింది. ఏడాది తిరిగేలోగా ముగ్గురు స్థానిక కుర్రాళ్లు సొంతంగా బ్లాకులు పోయాలి. పోస్తే సిమెంటు కలిపే యంత్రం కూడా ఇస్తారు. పొయ్యకపోతే ఇచ్చిన మిషినునే లారీ ఎక్కించుకుపోతారు.

ఫారం అడుగున ఇంకో వాక్యం ఉంది. శిక్షణ పూర్తయ్యాక పరదేశీ మేస్త్రీకి ఇక్కడ ఉండే కాగితాలు మళ్లీ ఇవ్వరు.

ఆ వాక్యాన్ని భూమయ్యకు చదివి వినిపించిన పాపం మూర్తిది. కాకినాడలో బి.కాం. రెండో ఏడు మధ్యలో వదిలేసి, మేనమామ వెంట వచ్చి, ఊళ్లో కొట్లకు ఇంగ్లీషు కాగితాలు టైపు చేసిపెడుతూ బతుకుతున్నాడు. చదవమంటే చదివాడు, అంతకన్నా ఆలోచించలేదు.

శిక్షణ పూర్తయిన తేదీ ఎక్కడ రాస్తారో అడిగి, భూమయ్య ఆ గడి మీద వేలు పెట్టాడు.

“అంటే సార్, నేర్పితె నేను పోవాలె. నేర్పకపోతె మిషిను పోతది, దాని ఎనుక నేను పోవాలె. గంతేనా?”

“అంతే మేస్త్రీ.”

“ఎవడు రాసిండు గిది? బాగ సదువుకున్నోడే అయ్యుంటడు.”

ఆ రోజు నుంచీ భూమయ్య నేర్పుతున్నట్టూ ఉండేవాడు, నేర్పనట్టూ ఉండేవాడు. మిషిను పిడి లాగడం గాడిదైనా చేస్తుంది. కిటుకంతా నీళ్లలో ఉంది. తక్కువైతే బ్లాకు పొడిపొడి అవుతుంది, ఎక్కువైతే జారిపోతుంది. బకెట్లు లెక్కపెడితే కుదరదు, ఇసుకలో తడి పూటపూటకూ మారుతుంది. పిడికిలితో పిసికి చూసుకోవాల్సిందే. భూమయ్యకు ఆ పిడికిలి చూపించడానికి అతని మామ బొంబాయిలో మూడేళ్లు ఇసుక మోయించాడు. ఆపైన కొత్త తువ్వాలు, ముంత కల్లు పుచ్చుకున్నాడు. వాళ్లలో అదే పద్ధతి. ఊరికే చెబితే చేతికి అంటుకోదంటారు.

ఆ పద్ధతి ఇక్కడ భూమయ్యకు దేవుడిచ్చినట్టు పనికొచ్చింది. “ముంత కల్లు తెండ్రి, చూపిస్త” అనేవాడు. ఇబ్రా నిండా ఖర్జూరపు చెట్లున్న మాట నిజమే. వాటికి కల్లు కుండ కడితే ఊరంతా కలిసి వీపు చీరేస్తుందన్నదీ నిజమే. అది తెలిసే అడిగేవాడు.

అంతవరకూ కుర్రాళ్లను ఖాళీగా ఉంచలేదు, తెలుగు తిట్లు నేర్పాడు. ముగ్గురిలో పెద్దవాడు హమూద్‌కు ఉచ్చారణ భలే కుదిరింది.

బయట ఆగిన మూర్తి ఇక తలుపు తోసుకుని లోపలికి వెళ్లి, వచ్చిన పని చెప్పాడు. “ఏడాది నిండింది. కుర్రాళ్ల పని చూడ్డానికి రేపు పొద్దున్నే ప్రభుత్వ ఆఫీసరు వస్తున్నాడు.”

అజీజా సిమెంటు బస్తా మీద కూలబడింది. భూమయ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు, చెమట లేకపోయినా.

మర్నాడు ఆఫీసరు వచ్చాడు. కుట్టుపని టోపీ, మడమల దాకా తెల్లటి దిష్దాషా, జేబులో రెండు పెన్నులు. వెనకాలే లారీ కూడా వచ్చి తలుపు దగ్గర ఆగింది. మేస్త్రీ పక్కకు నిలబడాలి, చెయ్యి పెట్టకూడదు అన్నాడు. తర్వాత హమూద్ వైపు తిరిగి, ఏడాదిలో ఏం నేర్చుకున్నావని అడిగాడు.

హమూద్ ఛాతీ విరుచుకుని అందుకున్నాడు. “నీ మొకం మండ! నీళ్లు ఆపురా పీనుగా!”

ఆఫీసరు మూర్తిని చూశాడు. “ఏమిటది?”

“పనికి సంబంధించిన మాటలండీ,” అన్నాడు మూర్తి రెప్ప వాల్చకుండా. “ఇండియాలో అలాగే అంటారు.”

ఆఫీసరు రాసుకున్నాడు.

హమూద్ బకెట్టు నీళ్లు గుమ్మరించాడు. మొదటి బ్లాకు అచ్చులోంచి వచ్చీ రాగానే బర్రె పెండలా పరుచుకుంది. ఈసారి జాగ్రత్తపడి నీళ్లే పొయ్యలేదు. రెండోది ఇసుక కుప్పయింది. ఆఫీసరు పెన్నుకు మూత పెట్టి లారీ వైపు చూశాడు. అజీజా వెళ్లి మిషిను పిడిని గట్టిగా పట్టుకుంది.

ఆమెను చూసి భూమయ్యకు జాలి కలిగిందనుకునేరు. అంత లేదు. లారీని చూసి భయమేసింది, అదొకటి. రెండోది ఇంకా ఘోరం: హమూద్ ఆ పెండ బ్లాకును రెండు చేతులా ఎత్తి, భూమయ్య పోసి ఆరబెట్టిన నున్నటి బ్లాకుల వరసలో పెట్టబోయాడు.

“హట్! ఆడ పెట్టకు!”

నిలబడమన్న చోట నిలబడడం అయిపోయింది. భూమయ్య మూడంగల్లో వచ్చి, పొడి ఇసుక మీద నాలుగు దోసిళ్ల నీళ్లు చల్లి కలిపి, హమూద్ మణికట్టు పట్టుకుని అందులోకి దూర్చాడు.

“పిసుకు. అంత గట్టిగ కాదురా, పిల్లికూనను పట్టినట్టు. ఇగ తెరువు. వేళ్ల గుర్తులు పడ్డయా? నీళ్లు కారినయా? కారలే. ముద్ద ఇడిసిందా? ఇడువలే. గిదే! గింతే!”

హమూద్‌కు తిట్లు పోను తెలుగు రాదు. అయినా చేతికి అర్థమైంది. ఆపబోయిన ఆఫీసరు కూడా వంగి చూశాడు. తర్వాత రెండోవాడి పిడికిలి, మూడోవాడి పిడికిలి. మూడేళ్ల ఇసుక మోత, బీడీ కాల్చినంత సేపట్లో అయిపోయింది.

ఈసారి హమూద్ ఒక్కడే పోసిన బ్లాకు నిలబడింది. ఆఫీసరు వేలితో నొక్కాడు, గుంట పడలేదు. మిగతా ఇద్దరూ పోసినవి కూడా చూసి, లారీని వెళ్లిపొమ్మన్నాడు. “మేస్త్రీ మనసు పెట్టి నేర్పుతాడు, బాగుంది,” అని, ఫారంలో మిగతా గళ్లు నింపమని మూర్తికి చెప్పి, కహ్వా కాఫీ తాగి వచ్చి సంతకం పెడతానన్నాడు.

అజీజా అతన్ని ఇంట్లోకి తీసుకెళ్తూ భూమయ్య దగ్గర ఒక్క క్షణం ఆగింది. “ఇత్నా సా థా? ఈ పాటిదానికా ఏడాదంతా నా రక్తం తాగావు?”

భూమయ్య నీళ్ల తొట్టి దగ్గరికి నడిచాడు. చేతులు కడుక్కుని, మళ్లీ కడుక్కుని, మూర్తి పక్కన గొంతుక్కూర్చున్నాడు. మూర్తి పెన్ను ఆఖరి గడి దగ్గర ఆగింది. శిక్షణ పూర్తయిన తేదీ. భూమయ్యకు చదువు రాదు. కానీ కాగితంలో ఆ చోటు ఎక్కడుందో ఏడాదిగా తెలుసు.

“సార్, అబద్ధం రాయమంటలేను. చెయ్యి వట్టి చూపిచ్చిన, నువ్వు సుత చూసినవ్. కని వాగు ఇసుక తీరు వేరె, గుట్ట ఇసుక తీరు వేరె. ఎండకాలం నీళ్ల లెక్క వేరె. గియన్ని తెలుసుకునేసరికి నాకే ఇరువై ఏండ్లు వట్టింది. బ్లాకు పోసుడైతె వచ్చిందని రాయి, మిషిను పోదు. తేదీ మాత్రం ఎయ్యకు. ఇంక నేర్సుకుంటున్నరని రాయి. జర మంచి ఇంగ్లీషుల రాయి సార్.”